పెట్టె మరిచిపోయింది, నేను మరిచిపోలేదు

ఐదో తరగతితో బడి మానేసిన నేను మూడేళ్ళు ఒక కంప్యూటరు పెట్టెను కాపాడానంటే మా మనవరాళ్ళు నవ్వుతారు. "ఫోను లాకు తీయనీకె మమ్ములనే పిలుస్తవ్, పెట్టెనెట్ల కాపాడినవ్ నానమ్మా?" అంటారు. నవ్వనివ్వండి. ఆ పెట్టె సంగతి వాళ్ళకు సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా పనుల్లో చేరుతున్న పిల్లలు చదివితే చాలు. ఎవరి పేరూ రాయను. పేర్లు లేకపోయినా మనుషులు అర్థమవుతారు.

తాండూరు మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్ళు నాది చాట పని. రైతులు కందులు కుప్పపోస్తే చెరగడం, మట్టిపెళ్ళలు ఏరడం, కాంటా కింద రాలిన గింజ ఊడ్చి ఎత్తడం. కర్ణాటక పల్లెల నుంచి వచ్చే వాళ్ళతో వచ్చీరాని కన్నడం, మనవాళ్ళతో మన మాట. గుప్పెడు కందులు అరచేతిలో పోసుకుని బొటనవేలితో తిప్పితే అవి ఎన్ని రోజులు ఎండాయో చెప్పేదాన్ని. చదువు అబ్బలేదు గాని దేవుడు జ్ఞాపకం ఇచ్చాడు. ఎవరు ఏ రోజు ఏమన్నారో, దానికి నేనేమన్నానో ఏళ్ళు గడిచినా మాట పొల్లు పోకుండా చెప్పగలను. అందుకే ఇంట్లో నాతో ఎవరూ వాదన పెట్టుకోరు.

మా దిక్కు రైతులు కలిసి కంది విత్తన సంఘం పెట్టుకున్నారు. పాత రకం కందిని వేరే రకం కలవకుండా పెంచి, సంఘంలో ఉన్నవాళ్ళకు విత్తనంగా పంచడం వాళ్ళ పని. విత్తనం పెంచే రైతులు పాతికమందికి మించి ఉండరు. ఆ పాతికమంది పేర్లు ప్రతి కేంద్రంలో గోడ మీద రంగుతో రాసి ఉండేవి. ఆ గోడ మీద పేరుంటే ఊళ్ళో ఆ ఇంటికి ఒక మర్యాద. వికారాబాద్‌లో ఆఫీసు, దానితో పాటు తాండూరు, ధారూర్, మర్పల్లి, నవాబుపేటల్లో కేంద్రాలు. తాండూరు కేంద్రాన్ని చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. "ఆమెకు గింజ తెలుసు" అన్నారట. నాతో పాటు బస్తాలు కుట్టే ఒక పెద్ద హమాలీ ఉండేవాడు, ఆయన్ని అన్నా అనేదాన్ని. కంప్యూటరులో ఎక్కించే ఆయన నాకంటే చాలా చిన్నవాడు, తమ్ముడూ అనేదాన్ని.

ఐదు చోట్లా ఐదు పెట్టెలు పెట్టారు. ఇటుకకంటే కొంచెం పెద్దవి. వాటిని పెట్టింది వికారాబాద్ ఆఫీసులో ఉండే ఇంజినీరు పిల్ల. వచ్చిన మొదటిరోజే నాకు అర్థమయ్యేదాకా వదలలేదు.

"పెద్దమ్మా, పుస్తకం ఒక్కటే, ఐదు పెట్టెలల్ల ఐదు నకళ్ళున్నయి. మీ దాంట్ల ఎక్కిన ముచ్చట గా నాలుగు దాంట్ల గూడ ఎక్కుతది. ముందు రాసినదానికి ఎనుక రాసింది గొలుసు లెక్క ముడేసి ఉంటది. ఒక్కరు దొంగతనంగ దిద్దుదామంటె మిగిలిన నాలుగు ఒప్పుకోవు."

"అంటె ఐదుగురు అత్తలున్న కోడలన్నట్టు. ఏం చేసినా ఎవరో ఒకరు చూస్తనే ఉంటరు."

ఆ పిల్ల పగలబడి నవ్వింది. అప్పటినుంచి మేమంతా దాన్ని గొలుసు పుస్తకం అనేవాళ్ళం.

పెట్టెకు నేను చేసే సేవ పెద్దదేం కాదు. తాండూరులో నాపరాళ్ళ దుమ్ము ఇంట్లో కంచం మీదా పడుతుంది, పెట్టె మీదా పడుతుంది. రోజూ తుడవాలి. కరెంటు పోయి వస్తే పచ్చదీపం వెలిగిందా లేదా చూడాలి. అసలు పని గింజ దగ్గర. రైతు విత్తనం తెస్తే తూకం, తేమ చూసి చీటీ ఇచ్చేవాళ్ళం. తరవాత గింజ ఎలా ఉందో, బస్తా ఎలా ఉందో నేను చెప్తుంటే తమ్ముడు ఎక్కించేవాడు. దానికి తోడు నాలుగు ఫోటోలు. నాకు గబగబా చదవడం రాదు కనుక అతను ఎక్కించింది తిరిగి చదివించుకునేదాన్ని. నేనన్నది అన్నట్టు ఉంటేనే సరే అనేదాన్ని.

ఒక మాఘమాసం మధ్యాహ్నం ధారూర్ దగ్గరి పల్లె నుంచి ఒక చెల్లె ఐదు బస్తాల విత్తనం తెచ్చింది. ధారూర్ కేంద్రంలో కాంటా చెడిపోయిందని మా దగ్గరికి పంపారు. వాళ్ళది గొర్రెల కాపరుల ఇల్లు. భర్త మందతో తిరుగుతాడు, పొలం అంతా ఆమెదే. బస్తా విప్పి చెయ్యి పెట్టగానే తెలిసింది, ఇలాంటి గింజ చూసి చాలా ఏళ్ళయిందని.

"ఏడికెళ్ళి తెచ్చినవ్ చెల్లె గీ ఇత్తనం?"

"మా అత్తది అక్కా. పోతూపోతూ నాకు నగలియ్యలే, గిదిచ్చింది. నగలిస్తె అమ్ముకుంటుంటి. దీన్ని అమ్మనీకె మనసొప్పక సంఘంల చేరిన."

తూకమైంది, తేమ చూశాం, చీటీ ఇచ్చాం. గొర్రెలు దొడ్డికి వచ్చే వేళకు ఇంట్లో ఉండాలని చెల్లె రైలుకు వెళ్ళిపోయింది. అప్పుడు కుట్టడానికి కూర్చున్నాడు అన్న. నాలుగు బస్తాలు కుట్టాడు. ఐదోదాని దగ్గర దబ్బనం పక్కన పెట్టాడు.

"గిది కొరతున్నది. కుట్ట."

"తూకమైపోయింది గదనే. కుట్టు."

"సగం కడుపుతోని పంపుతవా దాన్ని? వరుసల పెడితె ఒరుగుతది. నా చేతులకెళ్ళి కొరత బస్తా ఎన్నడన్న పోయిందా?"

యార్డులో పనిచేసినవాళ్ళకు ఇది తెలుస్తుంది. అక్కడ కొరత బస్తాను ఎవరూ కుట్టరు. కింద రాలిన గింజ ఊడ్చి, చెరిగి, పోసి, నిండుగా చేసి కుడతారు. ముప్పై ఏళ్ళు నేను చూసింది అదే, చేసింది అదే. లేచి చాట తీసుకున్నాను. ఆ పొద్దున పప్పుకోసం ఎవరో తెచ్చిన వేరే రకం కందులు కాంటా కింద రాలి ఉన్నాయి. చూడటానికి అన్నీ కందులే. శుభ్రంగా చెరిగి రెండు చాటలు పోశాను. అన్న సుతిలి లాగి ముడేసి, బస్తా మీద చరిచి, "గిప్పుడున్నది పెండ్లికూతురు లెక్క" అన్నాడు.

సాయంత్రం తమ్ముడికి చెప్పాను. "గింజ ఎరుపు. సైజు ఒక్క తీరు. పుచ్చు లేదు. రాయి లేదు. నాలుగు బస్తాలు నిండు. ఐదో బస్తా కొరత, కింది కందులు రెండు చాటలు పోసి నింపినం."

"ఆఖరిది గూడ రాయాల్నా పెద్దమ్మా?"

"చేసింది రాయకుంటె ఎట్ల? రాయి."

అంత అమాయకంగా చెప్పాను. తప్పని తెలియనప్పుడు నిజం చెప్పడం ఎంత సులువో నాకు తరవాత తెలిసింది.

వానాకాలంలో అన్న చనిపోయాడు. జ్వరమని రెండు రోజులు రాలేదు, మూడోరోజు కబురొచ్చింది. ఆ వానల్లోనే పెట్టెలో ఎర్రదీపం వెలిగింది. ఒక్క మాదే కాదు, ఐదూ నిండిపోయాయట. ఎక్కించిన ఫోటోలన్నీ ఐదింటిలోనూ పేరుకుంటూ వచ్చాయి, చోటు చాలలేదు. ఇంజినీరు పిల్ల అందరికీ ఫోనులో మాట పంపింది.

"పెట్టె మొత్తం నిండితె ఆగిపోతది. పరిమితి పెట్టుండ్రి. పరిమితి దాటిన పాతయి అదే తీసేసుకుంటది, కొత్తయి ఉంటయి. ఫికర్ లేదు, పాతది కావాల్నంటె పక్క పెట్టెను అడిగి తెచ్చుకుంటది. కని ఒక్క పెట్టెల మాత్రం అన్నీ ఉంచాలె. ఆ ఒక్కటి ఎవరో మీలో మీరు అనుకోని చెప్పుండ్రి, పెద్ద డిస్కు పంపిస్త."

తమ్ముడు నన్ను చూశాడు. "తీసేయన్నా పెద్దమ్మా?"

"తీసెయ్. విక్రాబాద్‌ల ఉంటయి గద. ఆఫీసు అదే నాయె."

వికారాబాద్‌లో చూసే ఆయనేమో, ఎక్కువ గింజ వచ్చేది తాండూరుకే కనుక తాండూరులో ఉంచుతారులే అనుకున్నాడట. ధారూర్ వాళ్ళు, మర్పల్లి వాళ్ళు, నవాబుపేట వాళ్ళు పెద్ద కేంద్రాలు రెండున్నాయి కదా అనుకున్నారు. ఎవరి దగ్గర ఉన్నాయని ఒక్కరం కూడా ఇంకొకరిని అడగలేదు. ఎందుకు అడగలేదో చెప్తాను. మా దిక్కు అలా అడిగితే, నీ పని నువ్వు చేస్తున్నావో లేదో అని అనుమానించినట్టుంటుంది. వికారాబాద్‌లో ఆయన నాకంటే పెద్దవాడు. ఆయన్ని ఎలా అడుగుతాను? పెద్ద డిస్కు ఎవరూ అడగలేదేమిటని ఇంజినీరు పిల్లకు అనుమానం వచ్చేలోపు ఐదు పెట్టెలూ పాతదంతా తీసేశాయి. ఐదింటిలోనూ పచ్చదీపాలు వెలిగాయి. మేమంతా సంతోషించాం.

కార్తీకంలో అసలు సంగతి బయటపడింది. ఆ ఏడు సంఘం ఇచ్చిన విత్తనం వేసిన చేలల్లో అక్కడక్కడా కొన్ని మొక్కలు తోటి మొక్కలకంటే ముందే పూతకొచ్చాయి. పచ్చని చేను మధ్య పసుపు చుక్కలు. వేరే రకం కలిసిందని చూడగానే తెలుస్తుంది. బస్తాల చీటీలు చూసుకుంటూ వెనక్కి వెళితే చాలావరకు ధారూర్ చెల్లె తెచ్చిన ఐదు బస్తాల దగ్గర ఆగాయి.

ఆ కబురు చెవిన పడిన క్షణంలోనే నాకు రెండు చాటలు గుర్తొచ్చాయి. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

సంఘం వాళ్ళు చెల్లె పేరు గోడ మీద నుంచి తీసేశారు. నాలుగు రోజులకు ఆమె తాండూరు వచ్చింది. గోడ ముందు నిలబడి చూసింది. తరవాత కేంద్రం లోపలికి వచ్చి నా ఎదుట కూర్చుంది.

"నా పేరు మీద సున్నం కొట్టిర్రు అక్కా. నేను కల్తీ చేసిన్నట. ఊర్ల బాయికాడ ఆడోళ్ళు నన్ను చూసి మాట ఆపుతున్నరు. మా ఆయన మందకాడికెళ్ళి వచ్చి, ఏం కలిపినవే అని అడిగిండు. నీళ్ళు గూడ తాగలే, ముందు గదే అడిగిండు."

నేను పెట్టె తుడిచే గుడ్డ మడిచి పక్కన పెట్టాను.

"నువ్వు చూసినవ్ గద నా గింజ. చేతుల పోసుకోని చూసినవ్. పుస్తకంల ఎక్కించిర్రు గద. తియ్యుండ్రి, అందరికి చూపిత్త."

తమ్ముడు అప్పటికే ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు. అతని చోటికి వచ్చిన ఆయన పెట్టెలో వెతికాడు. లేదు. వికారాబాద్‌కు ఫోను చేశాడు. అక్కడా లేదు, మీ దగ్గర లేదా అని వాళ్ళే ఎదురు అడిగారు. ధారూర్, మర్పల్లి, నవాబుపేట. ఎక్కడా లేదు. ఐదుగురు అత్తల ఇంట్లో ఒక్క అత్తకూ గుర్తు లేదు.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఆ చెల్లె ముఖం మాడిపోతుంటే నా గుండె తేలికైంది. అన్న లేడు, పెట్టెలో లేదు, తమ్ముడు రోజుకు ఎన్ని ఎక్కించాడో లెక్కే లేదు, ఇది అతనికి గుర్తుండదు. ఇక ఆ రెండు చాటలు నాకొక్కదానికే తెలుసు. ఆ ఆదివారం చర్చిలో అందరూ పాడుతుంటే నేను పెదవులు మాత్రం కదిపాను.

ఇంజినీరు పిల్ల మాత్రం ఊరుకోలేదు. పరిమితి విషయం గట్టిగా చూసుకోలేదని ఆ పిల్లకు తన మీద తనకే కోపం. ఒకరోజు నాకు ఫోను చేసింది.

"పెద్దమ్మా, ఎంట్రీ పోయింది గని దాని గుర్తు పోలే. ఎక్కించిన ప్రతి ముచ్చటకు పెట్టె ఒక గుర్తు తయారుచేస్తది, మన వేలిముద్ర లెక్క. అది చిన్నది, పెట్టె దాన్ని తీసెయ్యదు. గుర్తును చూసి ముచ్చట చెప్పలేం. కని అదే ముచ్చట అక్షరం తేడా లేకుంట మల్ల ఎక్కిస్తె అదే గుర్తు వస్తది. తేడా వస్తె రాదు. ఫోటోల గుర్తు వేరే ఉంటది. పేరు, ఊరు, బస్తాలు, తూకం, తేమ అన్నీ చెల్లె చీటీ మీద ఉన్నయి. లేనిది నువ్వు చెప్పిన మాటలొక్కటే. నీకు అన్నీ యాదికుంటయంటరు గద?"

నేను ఏమన్నానో గుర్తుంది. "చూద్దాం బిడ్డా" అన్నాను.

అదే మాట ఆ పిల్ల చెల్లెకూ చెప్పింది. చెల్లె సంఘం వాళ్ళ వెంటపడి సమావేశం పెట్టించింది. "అక్కతోని చెప్పియ్యుండ్రి. ఆమె మరిచిపోదు. కలిస్తె నా పేరు మల్ల రాయుండ్రి, కలవకుంటె నేనే సంఘం వదిలిపోత" అందట. విత్తనం పెంచే హక్కు అంతటితో పోతుంది. ఆమెకున్నదంతా నా నోటి మీద పెట్టింది.

సమావేశం వికారాబాద్ ఆఫీసులో. కొండగాలికి కిటికీలు కొట్టుకుంటున్నాయి. సంఘం పెద్దలు ఎనిమిది మంది, మధ్యలో అధ్యక్షుడు. గోడకు తెల్లగుడ్డ కట్టి దాని మీద పెట్టె ముఖం పడేటట్టు చేశారు. పైన ఒక పొడుగు గుర్తు, అంకెలూ అక్షరాలూ కలిసినది. అది పాతది. కింద ఖాళీ. నేను చెప్పింది ఎక్కిస్తే కింద కొత్త గుర్తు వస్తుంది. రెండూ ఒకటైతే ఆకుపచ్చ, కాకపోతే ఎరుపు.

చెల్లె చీటీ ఇచ్చింది. మడతలు పడి, పసుపు అంటి ఉంది. ఇంజినీరు పిల్ల అంకెలన్నీ ఎక్కించి నా వైపు తిరిగింది.

"చెప్పు పెద్దమ్మా."

"గింజ ఎరుపు. సైజు ఒక్క తీరు. పుచ్చు లేదు. రాయి లేదు. ఐదు బస్తాలు నిండు."

ఎరుపు.

మీకు దాపరికం లేకుండా చెప్తున్నాను. మరిచిపోయి అనలేదు. తెలిసే వదిలేశాను. ఎక్కడో ఒక మూల, పెట్టె ఒప్పుకుంటుందేమోనని ఆశ. మనుషుల దగ్గర ముప్పావు నిజం చెల్లుతుంది. ముప్పై ఏళ్ళు యార్డులో అదే చూశాను.

"మల్లొకసారి యాది చేసుకో" అంది ఇంజినీరు పిల్ల.

"గింజ ఎరుపు. సైజు ఒక్క తీరు. పుచ్చు లేదు. రాయి లేదు. నాలుగు బస్తాలు నిండు. ఐదో బస్తా..." ఆగాను. "ఐదో బస్తా గూడ నిండు."

ఎరుపు.

అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషి. నా మీద జాలిపడ్డాడు. "వయసైతుంది గదమ్మా. ఎన్నని యాదికుంటయి. ఎవరిని ఏమంటం. ఇగ చాలిద్దాం."

నాకు దారి ఇచ్చాడు. తల ఊపితే చాలు. ముసలిది మరిచిపోయిందనుకుంటారు, ఇంటికి పోతాను.

చెల్లె లేచింది. కొట్లాడుతుందనుకున్నాను. మాటకు మాట అనే మనిషి. కాని బల్ల మీద నుంచి చీటీ తీసుకుని, మడిచి, కొంగున కట్టుకుంటూ నెమ్మదిగా అంది.

"అక్కకే యాదికి లేదంటె నాదే తప్పేమో సారు. మా అత్త ఉన్నన్నొద్దులు ఏం కలవలే. నా చేతికొచ్చినంక కలిసింది. కల్లంల నేనే చూస్కోలేదేమో. ముప్పై నలపై ఏండ్లు ఆమె కాపాడిన ఇత్తనం నేనే చెడగొట్టిన్నేమో."

ఆమె నన్ను తిడితే నేను నోరు విప్పేదాన్ని కాదని ఇప్పటికీ అనుకుంటాను. ఆమె తనను తాను నమ్మడం మానేసింది. అదీ నా మాట మీద ఉన్న నమ్మకంతో.

"కూసో చెల్లె" అన్నాను. "నీ గింజల ఏం లేదు. కలిపింది నేను."

చెల్లె మెల్లగా కూర్చుంది.

"ఐదో బస్తా కొరతుండె. నువ్వు రైలుకు పోయినంక కింద ఊడ్చిన కందులు పోసిన. పొద్దున పప్పుకు తెచ్చినయి, వేరే రకం. చాట నాది, చేతులు నావి." అన్న కుట్టనన్నాడని చెప్పబోయి ఊరుకున్నాను. పోయినవాడి మీదికి తోస్తే కాదనేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే తోయలేదు. "ఎక్కియ్యి బిడ్డా. నాలుగు బస్తాలు నిండు. ఐదో బస్తా కొరత, ఊడ్చిన కందులు రెండు చాటలు పోసి నింపినం."

ఆ పిల్ల పెట్టె వైపు తిరిగింది. ఎక్కించింది.

ఎరుపు.

ఒక పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలాడు. "చెల్లె మీద పాపమనిపించి నెత్తినేసుకుంటున్నవా అమ్మా? గట్ల చేస్తె ఆమెకు సాయం కాదు."

ఇప్పటిదాకా అబద్ధం చెప్తే నమ్మారు. నిజం చెప్తే అబద్ధమన్నారు. తెల్లగుడ్డ మీద ఎర్రదీపం కూడా వాళ్ళ మాటే అంటోంది. చెల్లె కళ్ళు నా మీద ఉన్నాయి. ఆ చూపులో నమ్మకం ఉందో లేదో చూసే ధైర్యం లేక నేను కళ్ళు మూసుకున్నాను. మాఘమాసం సాయంత్రం. తమ్ముడు తిరిగి చదువుతున్నాడు. అతని గొంతు. అతను ఎక్కడ ఆగాడు, ఏ మాట పలికాడు.

"ఊడ్చిన కాదు" అన్నాను. "కింది. యార్డుల మేం కింది కందులంటం. ఇప్పుడు మీకు అర్థం గావాల్నని ఊడ్చిన అన్న. కింది కందులు అని పెట్టు."

ఆ పిల్ల ఒక మాట తీసి ఇంకో మాట పెట్టింది.

ఆకుపచ్చ.

పై గుర్తూ కింది గుర్తూ ఒక్కటే. అందరూ లేచి దగ్గరికి వెళ్ళి అక్షరం అక్షరం పోల్చి చూశారు. చెల్లె మాత్రం లేవలేదు. కొంగులో చీటీ పట్టుకుని అలాగే కూర్చుంది. అధ్యక్షుడు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, నా ముఖం చూడకుండా అడిగాడు.

"ఇంక ఎన్ని బస్తాలు గిట్ల నింపినరమ్మా?"

"మస్తు నింపినం. కొరతున్నయన్నీ."

మూడేళ్ళ విత్తనం. ఎవరి బస్తాల్లో ఎంత కలిసిందో నేను తప్ప ఇక చెప్పగలిగేవాళ్ళు లేరు, ఎందుకంటే మాఘం దాకా ఉన్నదంతా పరిమితి కింద పోయింది. నాకు గుర్తున్నంత నేను చెప్పాను. ఇంజినీరు పిల్ల రైతులకు ఫోను చేసి వాళ్ళ చీటీల మీది అంకెలు అడుగుతూ, సాయంత్రం దాకా ఒక్కొక్కటే ఎక్కించి గుర్తులు కలుపుతూ కూర్చుంది. చాలా కలిశాయి. కలిసిన ప్రతిసారీ ఆకుపచ్చ వెలిగేది, గదిలో ఎవరో ఒకరు నిట్టూర్చేవారు. ఆ ఏటి విత్తనం అంతా పక్కన పెట్టి పప్పుకు వేశారు. చెల్లె పేరు తిరిగి రాయాలని తీర్మానం చేశారు. ఒక పెట్టెలో పెద్ద డిస్కు వేసి అన్నీ ఉంచాలని, అది ఏ పెట్టెనో ఐదు కేంద్రాల గోడల మీద రాయాలని కూడా అనుకున్నారు. ఇవన్నీ మంచివే. ఒక్కరు ఒక్కరిని ఒక్క మాట అడిగి ఉంటే ముందే అయ్యేవి.

తిరుగు రైలు ఒక్కటే ఉంది. ఇద్దరం ఎక్కాలి. ఆమె ధారూర్‌లో దిగాలి, నేను తాండూరులో. వేరే బోగీలోకి పోదామనుకున్నాను, కాని ఆమే వచ్చి నా ఎదుట కూర్చుంది. కిటికీ బయటికి చూసింది. చేలల్లో అక్కడక్కడా కందికట్టె కోసి కుప్పలు వేస్తున్నారు.

"మొదాలు అడిగినప్పుడే ఎందుకు చెప్పలే అక్కా?"

"భయమైంది."

"నీకేం భయం? నీ పేరు గోడ మీద లేకుండె గద."

 నాకు పోవడానికి గోడ మీద పేరు లేదు. ఉన్నదల్లా 'ఆమెకు గింజ తెలుసు' అన్న ఒక్క మాట. ఆ మాట కోసం ఆమెను నెలరోజులు సున్నం కింద ఉంచాను.

"నన్ను క్షమించు చెల్లె" అన్నాను.

 రైలు ధారూర్ దగ్గర నెమ్మదించింది. చెల్లె లేచి సంచి సర్దుకుంది.

"మా అత్త ఇత్తనం ఇంట్ల కుండల ఇంత దాచి పెట్టిన. కలవనిది. మల్ల మొదలుపెడత. రెండు మూడేండ్లు పడతది, పడనియ్." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "నువ్వు చెప్పకుంటె నేను దాన్ని గూడ పారబోస్తుంటి అక్కా. నాదే తప్పనుకోని. గది యాదిల పెట్టుకుంట. కని నేను మల్ల బస్తాలు తెచ్చిననాడు నువ్వు కాంటా కాడ ఉండకు."

దిగి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున కేంద్రం తాళాలు ఇచ్చేశాను. సంఘం వాళ్ళు వద్దన్నారు, ఇంజినీరు పిల్ల ఏడ్చింది. మోకాళ్ళు నొప్పులు, ఇక చేతకాదు అన్నాను. ఇంట్లోనూ అదే చెప్పాను. ఇన్నేళ్ళూ మనవరాళ్ళు మోకాళ్ళకు నూనె రాస్తూ, కంది బస్తాలు మోసి మోసి అరిగిపోయినయి పాపం అంటుంటే ఊఁ కొడుతూ వచ్చాను. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి బిడ్డల్లారా.